కృష్ణ మీద రెండు రోజులు

కర్నూలు వాడికీ, కడప వాడికీ నీళ్లబండి అంటే ట్యాంకరే. బిందెలు వరసగా పెట్టుకుని దాని హారన్ కోసం చెవులు రిక్కించిన వాళ్లం. గోదావరి జిల్లాల్లో పెళ్లివారు పడవ దిగి రేవు మెట్లెక్కడం సినిమాల్లో చూసి ముచ్చటపడటమే తప్ప, మనలో పడవెక్కిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కర్నూలు వీధుల్లోకి పడవలొచ్చిన సందర్భం ఒకటుంది కానీ అది మనం పిలిస్తే వచ్చింది కాదు. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ ఒక్కటై పాతబస్తీని ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్న వాళ్లను పడవల్లోనే దించారు. ఆ రోజు చూసిన వాళ్లెవరికైనా పడవంటే షికారు గుర్తుకు రాదు.

అందుకే పెళ్లిరోజుకు పడవలో తిరిగొద్దామని మా ఆవిడ అన్నప్పుడు కేరళ అనుకున్నాను. టీవీలో చూస్తుంటాం కదా, వెదురు గూడున్న హౌస్‌బోటూ, అరటాకు భోజనమూనూ. "కేరళ కాదు, సంగమేశ్వరం" అంది. బట్టల సంచీ సర్దుకోకుండా అటూ ఇటూ రెండు రోజుల్లో తిరిగొచ్చే దూరం. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా కొత్తపల్లి మండలంలోకి మళ్లితే కృష్ణ ఒడ్డు. పిల్లలు మాత్రం ఫోన్లోనే గోల పెట్టారు. ఈ వయసులో నీళ్ల మీద ఏం పని, తిరుపతి వెళ్లి రాకూడదా అని.

చిన్న పడవ వేసుకుని భార్యాభర్తలిద్దరే రేవు రేవుకీ ఆగుతూ తీరం వెంట తిరగడం పడమటి దేశాల్లో పాత సరదా. ఇంగ్లండులో అయితే ఒకప్పుడు బొగ్గూ, సరుకులూ మోసిన కాల్వల్లోనే ఇప్పుడు సన్నటి పొడుగుపడవల్లో కాపురాలు కూడా చేస్తున్నారు. మనకు సముద్రం లేదు, నిజమే. తీరం మాత్రం ఉంది. శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టానికి నిండితే ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైగా నీళ్లే. ఒక ఒడ్డున నల్లమల, ఇంకో ఒడ్డున ఎర్రగుట్టలు, మధ్యలో లంకలు. ఇంత నీళ్లు పెట్టుకుని మనం ఊటీకి బస్సెక్కుతాం.

పడవలు మనకు మరీ కొత్తేమీ కాదు. ఈ సంగతి చెబితే కర్నూలు మిత్రులు కూడా నమ్మరు. మన కేసీ కెనాల్ ఉంది చూశారూ, అది పొలాలకు మాత్రమే తవ్వింది కాదు. 1863లో మొదలుపెట్టి 1870 దాకా ఒక ఇంగ్లిషు కంపెనీ తవ్వించిన ఆ కాల్వ సాగుకూ, పడవ రవాణాకూ కూడా. సుంకేసుల ఆనకట్ట దగ్గర తుంగభద్రలో పుట్టి, కర్నూలులో హంద్రీని వంతెన మీద దాటి, కడప దాకా మూడొందల కిలోమీటర్లు. గోదావరి జిల్లాలు దేవుడిలా చూసుకునే కాటన్ దొర కలలో దక్షిణాదిలో నదులన్నీ పడవదారులే. ఎత్తు నుంచి పల్లానికి పడవలను మెట్టు మెట్టుగా దించడానికి లాకులు కట్టారు. కేసీ కాల్వ మీద లాకిన్‌సుల అనే చోటు పేరులో ఆ లాకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. అయితే కంపెనీ అనుకున్నంత సాగూ కాలేదు, సరుకూ తిరగలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. రైళ్లు బలపడ్డాక పడవల మాట వెనకబడి, 1930ల తర్వాత అది ఉత్త సాగునీటి కాల్వ అయింది. కర్నూలు నుంచి కడపకు పడవలో పోయిన వాడు ఒకడుండే ఉంటాడు. వాడు ఎన్ని రోజులకు చేరాడో, దారిలో ఏం తిన్నాడో రాసిపెట్టుంటే ఎంత బాగుండేది!

ఇక పుట్టి. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప. పూర్వం దానికి తోలు చుట్టేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు. కృష్ణ మీదా, తుంగభద్ర మీదా తరతరాలుగా మనుషుల్నీ, మేకల్నీ, బియ్యం మూటల్నీ దాటించింది అదే. సుమారు అయిదొందల ఏళ్ల కిందట విజయనగరం చూడటానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, ఆనెగొంది దగ్గర ఈ గుండ్రటి తోలు పడవలను చూసి, అవి తిన్నగా పోకుండా గిరగిరా తిరుగుతూ పోతాయని ఆశ్చర్యపడి రాసుకున్నాడు. గుర్రాల్ని కూడా వాటిలో దాటించేవారట. అంతకు రెండువేల ఏళ్ల ముందు బాబిలోను దగ్గర ఇలాంటివే చూసి హెరొడోటస్ కూడా రాశాడు. పుట్టి ఎక్కిన వాడికి ఎవడికైనా మొదట కళ్లు తిరుగుతాయి, తర్వాత రాయబుద్ధవుతుంది కాబోలు.

మేం వెళ్లింది ఫిబ్రవరిలో. ఇది ముఖ్యం, ఎందుకో చెబుతాను. సంగమేశ్వరం గుడి జలాశయంలోనే ఉంటుంది. వానాకాలంలో శ్రీశైలానికి వరద వస్తే గుడి మునుగుతుంది, ఒడ్డు మీది ఉమామహేశ్వరాలయంలోనే పూజలు. నీటిమట్టం దాదాపు 840 అడుగుల దిగువకు వచ్చేసరికి శిఖరం బయటపడుతుంది, ఆ తర్వాత రోజు రోజుకీ కొంత గోపురం, కొంత మండపం. లోపలిది వేపచెట్టు మొద్దుతో చేసిన లింగం. ప్రతి ఏటా నెలల తరబడి నీళ్లలో నానుతున్నా చెక్కుచెదరని ఆ కొయ్యను చూడటానికే వేసవిలో జనం వస్తారు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారి, భవనాశి అని ఏడు నదులు ఇక్కడ కలుస్తాయంటారు. మేం చేరేసరికి శిఖరం ఒక్కటే నీళ్లపైన ఉంది. దాని మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

రేవు దగ్గర టీ కొట్టాయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "పుష్కరాలా, పండగా? ఇప్పుడు నీళ్ల మీదికి యాల పోతాండారు సామీ?" అన్నాడు. ఊరికే తిరగడానికి అంటే నవ్వి, "మీరు ముందర లైఫ్ జాకెట్లు ఉండే పడవ చూసుకోండి. లేని పడవోడు బంగారమిస్తానన్నా ఎక్కొద్దండి" అన్నాడు. టీ డబ్బులు తీసుకున్నాడు గానీ ఆ సలహా ఉచితం.

ఆయన అలా అనడానికి కారణముంది. 2007 జనవరి 18న నెహ్రూనగర్ వైపు నుంచి అవతలి ఒడ్డున జరిగే సింగోటం జాతరకు జనంతో కిక్కిరిసి బయల్దేరిన పడవ మంచాలకట్ట దగ్గర మునిగింది. అరవై మంది దాకా పోయారు. సంక్రాంతి వెళ్లిన వారంలోపే, ఇళ్ల ముందు ముగ్గులు చెరగకముందే. తర్వాత 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర. ప్రతిసారీ విచారణ జరిగింది, ప్రతిసారీ బయటపడినవి అవే మూడు మాటలు: ఎక్కువమంది ఎక్కారు, జాకెట్లు వేసుకోలేదు, వద్దన్నా బయల్దేరారు. కచ్చులూరు తర్వాత మన రాష్ట్రంలో పడవల అనుమతులకు నిబంధనలు బిగించి కంట్రోల్ రూములు పెట్టారు. కానీ ఏ కంట్రోల్ రూమూ మన ఒంటికి జాకెట్ తొడగదు. ఉక్కగా ఉందని, ఫొటోలో బాగుండదని విప్పి ఒళ్లో పెట్టుకునే వాళ్లను నేనే చూశాను. ఆ ఒడ్డున నిలబడి మా ఆవిడ తన జాకెట్ పట్టీలు బిగించుకుని, నావి మళ్లీ తనే బిగించింది.

మాకు దొరికింది ఇంజను బిగించిన చిన్న ఫైబర్ పడవ. నడిపేది ఒకాయన, ముందు కూర్చుని వలలు సర్దేది ఆయన భార్య. మాట వినగానే తెలిసిపోయింది, వాళ్లది ఈ ప్రాంతం కాదు. "కాలు తిన్నగా ఏసుకోండమ్మా, పడవ ఒరిగిపోద్ది" అంది ఆమె. విశాఖ వైపు సముద్రపు ఒడ్డు వాళ్లు. జలాశయం నిండిన తర్వాతి ఏళ్లలో చేపల కోసం అక్కడినుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి వచ్చి, ఒడ్డున గుడిసెలు వేసుకుని నీళ్లతో పాటే పైకీ కిందికీ జరుగుతూ బతుకుతున్నాయి. నీళ్లు తగ్గితే గుడిసె కిందికి, వరదొస్తే పైకి. సముద్రం ఉన్నవాళ్లు బతుకుతెరువు కోసం సీమకు రావడం వింతగా లేదూ? ఆయన్ని అడిగితే, "సంద్రంలో పెద్ద బోట్లోళ్లతో మాలాంటోళ్లం ఏం పడతాం బాబూ? ఇక్కడైతే నేనూ, ఇదీ, ఒక పుట్టి. సాలు" అన్నాడు. వాళ్లిద్దరూ పెళ్లయిన నాటినుంచీ ఒకే పడవలో ఉన్నారు. ఆయన తెడ్డు వేస్తే ఆమె వల వదులుతుంది, ఆమె వల లాగితే ఆయన పడవ నిలుపుతాడు. మేం రెండు రోజులకు డబ్బు కట్టి చేస్తున్న పని వాళ్లకు రోజూ తెల్లారుజామున చేసే పని.

పొద్దున్నే బయల్దేరాలని ఆయన పట్టుబట్టాడు. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుందట, ఇంత వెడల్పు నీళ్లలో గాలి లేస్తే అల సముద్రంలో కంటే పొట్టిగా, దగ్గర దగ్గరగా వస్తుంది కాబట్టి చిన్న పడవను ఎక్కువ కొడుతుందట. ఇంకో భయం నీళ్ల కింద ఉంది. మునిగిన చెట్ల మోళ్లు, పడిపోయిన గోడలు, ఒక చోట గుడి ధ్వజస్తంభం దిమ్మె. మట్టం రోజూ మారుతుంటే ఏది ఎంత లోతులో ఉందో పటం గీసినా లాభం లేదు, గుర్తుండాల్సిందే. పడవాయన ఒక గుట్టను, ఒక తెల్లరాయిని, దూరంగా కనిపించే సెల్ టవరును చూసుకుంటూ పడవ తిప్పుతున్నాడు.

సోమశిల దాకా దారి చెప్పుకోదగ్గది. (నెల్లూరు సోమశిల కాదు సుమా, అది పెన్న మీద. ఇది నాగర్‌కర్నూల్ జిల్లా, కొల్లాపూర్ దగ్గరిది. ఈ రెండింటినీ కలిపేసి బస్సెక్కిన వాళ్లున్నారు.) ఎడమన తెలంగాణ ఒడ్డు, కుడిన మనది, మధ్యలో ఎవరి నీళ్లు ఎన్ని టీఎంసీలన్న తగాదా. నీళ్లకు మాత్రం ఆ సంగతి పట్టినట్టు లేదు. చీమలతిప్ప లంక దగ్గర లకుముకి పిట్టలు, కొంగలు. నల్లమల కొండలు నీళ్లలోకి దిగినట్టే ఉంటాయి. దిగువకు పోయేకొద్దీ ఒడ్లు దగ్గరకు జరుగుతాయి. ఇంకా పోతే అక్కమహాదేవి గుహలు, శ్రీశైలం పాతాళగంగ. అదంతా చూడాలంటే టూరిజం లాంచీ ఎక్కడమే మేలు, చిన్న పడవకు అంత దూరం తగదు. పైగా అటంతా పులుల అభయారణ్యం. ఒడ్డున గుడారం వేసుకుని పడుకుందామనే సరదాలు అక్కడ కుదరవు, కుదరకూడదు కూడా. నీళ్లలో మొసళ్లు కూడా ఉన్నాయి, కాళ్లు వేలాడేసి కూర్చోకండి.

సగం దారిలో మా ఆవిడ ఇంజను ఆపమంది.

ఆమె పుట్టింది కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో. 1981లో శ్రీశైలం కోసం ఖాళీ చేయించిన వందకు పైగా ఊళ్లలో అదొకటి. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్లు. ఆ ఎండాకాలం జరిగింది మా మామగారు బతికున్నన్నాళ్లూ పండగలకూ పబ్బాలకూ చెబుతుండేవాడు. కదలని వాళ్ల ఇళ్లు కూలగొట్టారు. పరిహారం ఎకరాకు ఎంతిచ్చారో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కదిలేటప్పుడు ఆయన ఎద్దులబండి మీద వేసుకున్నవి నాలుగు: ధాన్యం గాదె, రోలు, దేవుడి పటాలు, ఇంటి ముందరి టేకు వాకిలి. ఆ వాకిలి ఇప్పటికీ నందికొట్కూరులో మా బావమరిది ఇంటికి ఉంది. కొత్త ఇంటి కొలతకు అది పొట్టిది, ఎవరొచ్చినా తల వంచి లోపలికి రావాలి. కొత్తది పెట్టించమని ఎంతమంది చెప్పినా మామగారు వినలేదు.

దేవుళ్లను కూడా కదిలించారు, అది ఇంకో కథ. అలంపురం దగ్గర కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురంలో మళ్లీ పేర్చారు. రూపాల సంగమేశ్వరుణ్ని కర్నూలు జగన్నాథగట్టు మీదికి తెచ్చారు. సోమశిలలోనూ అలా ఎత్తి కట్టిన గుళ్లే. పురావస్తు శాఖ ఆ పని ఎంతో నేర్పుగా చేసింది, చూసితీరాలి. మనుషులకు మాత్రం నంబర్లు వేసి, ఏ వీధి వాళ్లను ఆ వీధిగా మళ్లీ పేర్చలేదు. ఒక ఊరు వాళ్లు నాలుగైదు ఊళ్లకు చెదిరిపోయారు. ఆ నీళ్లు పోతిరెడ్డిపాడు తూముల గుండా తెలుగుగంగలో పడి మద్రాసు దాకా వెళ్లి కుళాయిల్లో వచ్చాయి. మా మామగారు మద్రాసులో ఒకసారి ఆసుపత్రి కోసం పదిరోజులున్నాడు. గ్లాసు పట్టుకుని "ఇవి మా ఊరి మీది నీళ్లే" అన్నాడట నర్సుతో. ఆమెకు తెలుగు రాదు.

పడవ ఆగితే ఎంత నిశ్శబ్దమో చెప్పడం కష్టం. మా ఆవిడ గుట్టను చూసి, దాని ఎడమ భుజాన్ని చూసి, వేలితో గాల్లో ఏదో గీసి, "ఇక్కడ కాదు, ఇంకొంచెం లోపలికి" అంది. పడవాయన ఇంజను వేయలేదు, తెడ్డుతోనే జరిపాడు. ఒక చోట చాలంది. అక్కడ ఏమీ లేదు. ఎండ పడి నీళ్లు కాస్త ఆకుపచ్చగా ఉన్నాయి. చింతచెట్టు ఇక్కడ, దాని పక్కన పీర్ల చావిడి, దానెనక మా బడి అని చెబుతోంది. నాకు చెప్పడం లేదు, ఆ పడవావిడకు చెబుతోంది. ఆమె వల సర్దడం ఆపి, "బాయి కూడా ఉండాది కదమ్మా, రాతి గట్టుది? ఏసంగిలో తేల్తాది. మా వల దానికి సిక్కుకుని రెండుసార్లు సిరిగింది" అంది.

నలభై నాలుగేళ్లకు తన ఊరి బావిని చూసిన మనిషి ఒకరు దొరికారు. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేనూ, పడవాయనా వినలేదు. మేమిద్దరం చేపల ధర గురించి మాట్లాడుకున్నాం.

ఆ రాత్రి సోమశిలలో ఉన్నాం. పడవావిడ చెల్లెలి గుడిసెలో బొచ్చె చేప పులుసు పెట్టించింది, మేం తెచ్చుకున్న జొన్నరొట్టెలు తోడు. కారం మన సీమదే, పులుపు మాత్రం వాళ్ల తీరం పద్ధతి. ఒడ్డు పొడుగునా ఎండబెట్టిన చేపల వాసన ఉంటుంది, అది భరించలేని వాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోవచ్చు, మాకు అలవాటైపోయింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో సిద్ధేశ్వరం రేవు చూపించాడు. అక్కడినుంచి సోమశిలకు కృష్ణ మీద తీగల వంతెన వస్తుందని 2022లో కేంద్రం మంజూరు చేసింది, వెయ్యి కోట్లకు పైబడిన అంచనా. వంతెన వస్తే నంద్యాల వైపు నుంచి హైదరాబాదు దగ్గరవుతుంది. మంచాలకట్టలో మనుషుల్ని పోగొట్టుకున్న ఊళ్లు దాన్ని అడగడం మొదలుపెట్టి ఎన్నేళ్లో. కావాల్సిందే, తొందరగా కావాల్సిందే. దాటించే పడవల సంగతేంటని పడవాయన్ని అడిగితే, "చేపలు వంతెనెక్కి పోవు కదా బాబూ" అన్నాడు.

మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే ఈ నాలుగు ముక్కలు. పండగ రోజులూ, జాతర రోజులూ వద్దు, పడవలు కిక్కిరుస్తాయి. కార్తీకం తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా ఎండ ఓర్చుకోవచ్చు. నిండు నీళ్లు కావాలంటే ముందే వెళ్లండి, గుడి కావాలంటే ఆగండి. టోపీ, మంచినీళ్లు, ఫోనుకు ప్లాస్టిక్ సంచీ. పడవవాడు గాలి బాగాలేదంటే బతిమాలకండి, తిరిగి రండి. కడప వాళ్లకు ఇంత దూరం ఎందుకనుకుంటే గండికోట ఉండనే ఉంది. కోట గోడ మీదినుంచి చూసే పెన్న లోయ వేరు, కింద మైలవరం జలాశయం నీళ్ల మీదినుంచి తలెత్తి చూసే ఎర్రరాతి గోడలు వేరు. నంద్యాల వైపు అవుకు రిజర్వాయరు చిన్నదైనా పిల్లలతో వెళ్లడానికి అనువు.

రేవులో దిగేటప్పుడు పడవావిడ మా ఆవిడతో, ఏప్రిల్ నెలాఖరుకు మళ్లీ రమ్మంది. అప్పటికి బావి గట్టు పూర్తిగా బయటపడుతుందట, చుట్టూ బురద ఆరి నెరదెలు విచ్చుతాయట, ఆ నేలలో అప్పటికే ఎవరో ఒకరు పైరు పెట్టుకుంటారట.

"పడవ అంత దాకా వస్తుందా చెల్లెలా?" అంది మా ఆవిడ.

"అప్పుడు పడవెందుకమ్మా, నడిసే ఎల్లిపోవచ్చు."